కిరసనాయిలుతో తుడిచిన ఆరు వాల్వులు

కరెంటు గురించి అన్నీ తెలుసనుకునేవాడి కంటే ఏమీ తెలియనివాడు నయం. తెలియనివాడు భయంతోనైనా చెయ్యి దూరంగా పెడతాడు. ఈ సంగతి నాకు బైలదిల్లా కొండల కింద, ఇనుప గనుల ఊళ్ళో, ఒక ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ వల్ల తెలిసింది. అతను ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఎక్కడున్నా తనదే ఒప్పు అనుకుంటూ ఉంటాడని మాత్రం తెలుసు.

నేను గని మనిషిని కాను. రైల్వేలో సిగ్నళ్ళు, టెలిఫోన్లు చూసే పనివాణ్ణి, విజయనగరం వైపు వాణ్ణి. కొండ మీది ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికే కిరండూల్ దాకా ఆ లైను వేశారు. అందుచేత ఊళ్ళో ఇళ్ళు, కుళాయిలు, బడి, ఆసుపత్రి, సినిమా హాలు అన్నీ గని కంపెనీవే. మాకున్నది స్టేషను, దాని పక్కన రెండు వరుసల క్వార్టర్లు. ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి ఇటుక రంగు తేలేది. ఆ ధూళి మాత్రం మాకూ వాళ్ళకీ సమానంగా పంచారు.

గని వాళ్ళు మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవారు కాదు. "ఏం రైల్వే, డ్యూటీ అయిందా" అనేవారు. పదకొండేళ్ళు ఆ ఊళ్ళో ఉన్నాను. ఆ పదకొండేళ్ళలో నన్ను పేరుతో పిలిచిన గని ఉద్యోగులు ముగ్గురు. వాళ్ళలో ఒకాయన నా పేరు తప్పు పలికేవాడు.

కంపెనీ వాళ్ళ వినోదానికి ఒక క్లబ్బు ఉండేది. దాని హాల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఏ గోడ మీదా రాసి లేదు, కాని అందరికీ తెలుసు. ముందు వరసలో సోఫాలు ఆఫీసర్లకి. వెనక మడత కుర్చీలు స్టాఫుకి. పక్కన జంపఖానా కూలీలకి. రైల్వేవాళ్ళం వెనక గోడకి ఆనుకుని నిలబడాలి, మేము అతిథులం కాబట్టి. అతిథిని నిలబెట్టే మర్యాద నేను ఆ ఊళ్ళోనే చూశాను.

ఆ గోడ దగ్గర్నుంచి నేను ముందుకి రాగలిగింది గిటారు వల్ల. చిన్నప్పుడు మా రైల్వే కాలనీ చర్చిలో నేర్చుకున్న విద్య. క్లబ్బు ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు బదిలీ అయి పోతే, వేరే దిక్కు లేక నన్ను పిలిచారు. వేదిక మీద ఎడమ పక్క నుంచి నాలుగో కుర్చీ నాది. వారానికి రెండు సాయంత్రాలు రిహార్సలు, ఏడాదికొకసారి వార్షికోత్సవం. ఆ ఊళ్ళో నేను కూర్చోగలిగిన చోటు అదొక్కటే. దాన్ని పోగొట్టుకోకూడదన్నది తప్ప అప్పట్లో నాకు మరో పెద్ద కోరిక లేదు. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. సోఫాలో కూర్చున్నవాళ్ళకి కుర్చీ విలువ తెలియదు.

క్లబ్బు గిటారుకి ఒక వాల్వు ఆంప్లిఫయరు ఉండేది. ఎవరో ఇంజనీరు వెళ్ళిపోతూ వదిలేసిన పెట్టె. అప్పటికే ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి, వాల్వులు పాత రేడియోల్లోనే మిగిలాయి. పెట్టె వెనక రెండు పెద్ద వాల్వులు, మూడు చిన్నవి ఉండేవి. పెద్దవి స్పీకరుని తోస్తాయి. చిన్నవాటిలో మొదటిది గిటారు తీగ నుంచి వచ్చే పీల సవ్వడిని అందుకుని పెంచి, తర్వాతి వాల్వుకి ఇస్తుంది. మేము దాన్ని ముందరి వాల్వు అనేవాళ్ళం. అక్కడ పుట్టిన చెడు ఏదైనా సరే, వెనకనున్నవన్నీ దాన్ని శ్రద్ధగా పెంచి స్పీకరుకి అప్పగిస్తాయి. వంటకి ముందే ఎసట్లో ఉప్పెక్కువైతే వడ్డించేవాడు ఏం చేస్తాడు.

మా పెట్టెకి వచ్చిన జబ్బు అదే. లావు తీగలు మీటితే ఫరవాలేదు. సన్న తీగ మీటగానే రేకు మీద మేకుతో గీరినట్టు ఉండేది. ముందరి వాల్వు గాజు మీద వేలితో తడితే స్పీకరులో ఠంగుమని మోగేది. పిల్లలు చెవులు మూసుకునేవారు. పెద్దలు నా వైపు చూసేవారు, ఆ గీర నా వేళ్ళలో ఉన్నట్టు.

ఇక ఫోర్‌మన్. కృష్ణా జిల్లా మనిషి. కొండ మీద మన్ను తవ్వే పెద్ద షవెల్ యంత్రాల మోటార్లు అతని కింద ఉండేవి. ఆరువేల ఆరువందల ఓల్టులకి తక్కువైతే అది అతని లెక్కలో కరెంటు కాదు, చక్కిలిగింత. క్లబ్బు మైకులు, దీపాలు, సినిమా యంత్రం కూడా అతనికే అప్పగించారు. అప్పగించినందుకు తగినట్టు అతను వాటి వైపు ఎన్నడూ చూసేవాడు కాదు. రిహార్సలు జరుగుతుంటే వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి మాట మాత్రం విసిరేవాడు.

"ఏవయ్యా రైల్వే, నీ పెట్టెకి గొంతు నొప్పా? మిరియాల కషాయం పొయ్యకపోయావా."

"ముందరి వాల్వు మార్చాలండి. దానిలోనే ఉంది తేడా అంతా" అన్నాను.

"వాల్వు మారిస్తే పాట మారుద్దా? మా ఇంట్లో ఏటా బల్బులు మారుస్తూనే ఉన్నాను. మా ఆవిడ రంగేం మారలా."

అందరూ నవ్వారు. హార్మోనియం ఆయన మరీ ఎక్కువ నవ్వాడు, అతని తమ్ముడికి ఫోర్‌మన్ కింద ఉద్యోగం కావాలి.

"బల్బు వేరు, వాల్వు వేరండి. ఇది వినికిడికి సంబంధించింది" అన్నాను.

"ఏటీ? ఏటేటీ? మళ్ళీ చెప్పు."

నేను 'ఏటి' అననే లేదు. ఉత్తరాంధ్ర వాడు నోరు తెరిస్తే చాలు, కొందరికి 'ఏటి' వినిపిస్తుంది. ఆ రోజు నేను ఏమన్నానో, ఏమనలేదో ఇప్పటికీ మాట మాటా చెప్పగలను.

ఆ వేసవి సెలవులకి ఊరెళ్ళినప్పుడు విశాఖ పూర్ణా మార్కెట్టు దగ్గర ఒక పాత సామాన్ల కొట్టుకి పోయాను. ఓడల మీద నుంచి దించేసిన వైర్‌లెస్ సెట్ల వాల్వులు అక్కడ దొరికేవి. మా పెట్టెలో ముందరి వాల్వు రకం ఎనభై మూడు. అదే రకంవి నాలుగు ఏరుకున్నాను. కొట్టువాడు కదలని సరుకు వదిలించుకుంటూ ఇంకో రెండు చేతిలో పెట్టాడు. ఒకటి ఎనభై ఒకటి, ఒకటి ఎనభై రెండు. మూడు రకాలకీ తొమ్మిదే కాళ్ళు, ఒకే సాకెట్టు, ఒకటే ఎత్తు. కాని ఎనభై మూడు అన్నిటికంటే ఎక్కువ పెంచుతుంది. మిగతా రెండూ బలహీనం. వాటిని పెడితే గిటారు గొంతు పడిపోతుందని నాకు నేర్పినవాళ్ళు చెప్పారు. నేనూ అదే నమ్మాను.

ఆరు వాల్వుల్నీ పాత గ్లాక్సో డబ్బాలాంటి ఒక రేకు డబ్బాలో, చుట్టూ ఊక పోసి, ఒళ్ళో పెట్టుకుని కిరండూల్ పాసింజరులో తెచ్చాను. అరకు సొరంగాలు, కోరాపుట్, జగదల్‌పూర్, అన్నిచోట్లా ఆ డబ్బా నా ఒళ్ళోనే ఉంది. ఒకావిడ చంటిపిల్లని పట్టుకోమంటే నేను కుదరదన్నాను.

వర్షాకాలమంతా ఒక పద్ధతి ప్రకారం చేయాలనుకున్నాను. ఒక్కో వాల్వు ఒక్కో వారం. ఆ వారం ఎలా పలికిందో చిన్న చీటీ మీద రాసి ఆ వాల్వుకే అంటించాలి. రెండు అయ్యాయి. మొదటిది కొంచెం నయం. రెండోది ఇంకొంచెం నయం. గీర మాత్రం పూర్తిగా పోలేదు. మిగతా రెండు ఎనభై మూళ్ళలో ఏదో ఒకటి పనిచేస్తుందన్న ధీమాతో ఉన్నాను.

ఒకరోజు ఫోర్‌మన్ డబ్బాలోకి తొంగి చూశాడు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదా, ఆ మూలవి రెండూ ఎందుకు పక్కన పెట్టావ్?"

"అవి వేరే రకమండి. దీనికి పనికిరావు."

"కాళ్ళు పడతాయిగా? పెట్టి చూడు, పోయేదేవుంది."

"ఫోర్‌మన్ గారూ, కాళ్ళు పట్టినంత మాత్రాన చెప్పు మనదైపోదు" అన్నాను. ఈసారి నవ్వింది నా వైపు వాళ్ళు. కొత్తగా వచ్చిన తబలా ఆయన తొడ చరుచుకుని మరీ నవ్వాడు. ఫోర్‌మన్ నవ్వలేదు. అది నాకు కొన్నాళ్ళు తృప్తినిచ్చిన సంగతి. తర్వాత ఎందుకు ఇవ్వలేకపోయిందో చెబుతాను.

విశ్వకర్మ పూజ వచ్చింది. గనుల్లో అది పెద్ద పండగ. ఆ రోజు యంత్రం ఆగాలి, పనివాడు దాన్ని కడిగి తుడిచి బొట్టు పెట్టాలి. మా రైల్వేలోనూ చేస్తాం. కాని సిగ్నళ్ళని నడిపే మా రిలే గదిలో బొట్టు బీరువా తలుపుకి పెడతాం. లోపలి సరుకుని ఎవరూ ముట్టరు, పెద్ద ఆఫీసరు వచ్చినా సరే. గని వర్క్‌షాపులో పద్ధతి వేరు. పానాలు, బేరింగులు, సుత్తులు, మీటర్లు అన్నీ కిరసనాయిలులో ముంచిన గుడ్డతో మెరిసేదాకా తుడవాలి. ఎంత మెరిస్తే అంత భక్తి.

నేనా రోజు డ్యూటీలో ఉన్నాను. ఫోర్‌మన్ క్లబ్బు సామాన్లన్నీ లారీలో వేయించి వర్క్‌షాపుకి తెప్పించాడు. పెట్టె వెనక అరలో నా డబ్బా ఉంది. ఊక దులిపేశారు. చీటీలు అశుభ్రంగా ఉన్నాయని ఊడబెరికారు. ఆరు వాల్వుల్నీ కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరు కుంకుమ బొట్లు పెట్టి, ఇత్తడి పళ్ళెంలో షవెల్ మోటారు బ్రష్షుల పక్కన వరసగా నిలబెట్టారు.

వాల్వు రకం ఎక్కడ రాసి ఉంటుందో తెలియనివాళ్ళకి చెప్పాలి. గాజు మీద తెల్ల సిరాతో అచ్చు వేస్తారు. చెమట చేత్తో రుద్దినా చెరిగిపోయే సిరా. కిరసనాయిలుకి నిలుస్తుందా. మర్నాడు నేను వెళ్ళేసరికి మిఠాయి పెట్టెలో దూది మీద ఆరు నున్నటి గాజు గొట్టాలు పడుకుని ఉన్నాయి. ఏది ఎనభై మూడో, ఏది కాదో, ఏది నేను వారం రోజులు విన్నదో, దేని మీదా ఆనవాలు లేదు. లోపలి రేకుల తీరు చూసి పోల్చవచ్చంటారు. కాని అవి నాలుగు దేశాల తయారీ, ఏ రెండూ ఒక తీరున లేవు.

ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాను. అతను ప్రసాదం తింటున్నాడు.

"నంబర్లు చెరిపేశారండి."

"ఏ నంబర్లు? మాసిపోయి ఉంటే మావాళ్ళు శుభ్రం చేశారు. చూడు, పెళ్ళికొడుకుల్లా ఉన్నారు."

"వాటిని ఇప్పుడు గుర్తుపట్టడం ఎలాగండి?"

"నువ్వు చెవులతో పనిచేసేవాడివిగా. విని చెప్పు." వేళ్ళు నాక్కుని ఇంకో మాట కలిపాడు. "దేవుడి పళ్ళెంలో పెట్టిన వస్తువయ్యా. మీవాళ్ళకి గిట్టకపోతే అది వేరే సంగతి."

నేను చర్చికి వెళతానని దాని అర్థం. నాకు పూజతో పేచీ లేదు. కిరసనాయిలుతో ఉంది. ఆ మాటే చెప్పాను. అతను వినలేదు, లేదా వినిపించనట్టు నటించాడు.

క్లబ్బులో ఒక ఫిర్యాదుల పుస్తకం ఉండేది. దానిలో అంతకుముందు ఉన్న ఫిర్యాదు కేరం బోర్డు పౌడరు గురించి. నేను ఇంగ్లీషులో నాలుగు వరసలు రాశాను. ఫోర్‌మన్ మనుషులు నా సొంత వాల్వుల గుర్తులు చెరిపేశారు, ఇది అజాగ్రత్త, దీనికి ఆయన రాతపూర్వకంగా విచారం తెలపాలి. కింద సంతకం, హోదా. పూజ అన్న మాట ఎక్కడా రాయలేదు.

క్లబ్బు సెక్రటరీ అకౌంట్సు గుమాస్తా, రాయపూర్ వైపు మనిషి. ఎవరితోనూ గొడవపడకుండానే రిటైరవ్వాలన్నది అతని జీవితాశయం. పుస్తకం చదివి తల పట్టుకున్నాడు. వారం తర్వాత నన్ను పిలిచి హిందీలో మెత్తగా చెప్పాడు. దీపావళి అయ్యాక వార్షికోత్సవం ఉంది. జనరల్ మేనేజరు భార్యకి క్రితం ఏడు ఆ గీర విని తలనొప్పి వచ్చింది. వచ్చే ఆదివారం రిహార్సలులో పెట్టె సరిగ్గా పలకకపోతే జగదల్‌పూర్ నుంచి ఒక గిటారు వాద్యకారుణ్ణి పిలుస్తారు. అతనికి సొంత ట్రాన్సిస్టరు పెట్టె ఉంది. ఇక అప్పటినుంచి ఆ కుర్చీ అతనిదే.

"దేఖియే, పర్సనల్ కుఛ్ నహీ" అన్నాడు. పర్సనల్ ఏమీ లేదట. నా కుర్చీ తీసేయడంలో పర్సనల్ కానిది ఏముందో నాకు తెలియలేదు.

నా వారపు సెలవు ఆ శనివారం పడింది. మధ్యాహ్నం రెండు గంటల సైరను కూశాక క్లబ్బుకి వెళ్ళాను. తలుపు తీసింది చౌకీదారు. కోంటా వైపు గొల్లపల్లి ఊరతను, యాభై ఏళ్ళుంటాయి. ఇంట్లో దోర్లీ, సంతలో హల్బీ, ఆఫీసర్లతో హిందీ, నాతో తెలుగు మాట్లాడేవాడు. ఆర్కెస్ట్రాలో ఢోలకు అతనే వాయించేవాడు. అందుకు కంపెనీ అతనికి అదనంగా ఇచ్చింది ఒక చొక్కా.

"ఏంది సారూ, ఇయ్యాల పాట లేదు గదా?"

"వాల్వులు వెతకాలి. నువ్వు కూర్చుని విను."

"నాకు సంతల కోడి పందెం ఉంది సారూ. కత్తి గట్టే యాళ్లకు పోవాలె."

"గంటన్నర చాలు."

"గిట్లనే అంటవ్. మొన్న పొద్దుగూకేదాంక కూసుండబెడితివి" అన్నాడు గాని, మెట్టు మీద కూర్చున్నాడు.

ఇది ఓపికతో చేయాల్సిన పని. స్విచ్చి ఆపాలి. గాజు చల్లారాలి. రేకు టోపీ తీసి, చేతి రుమాలుతో వాల్వుని నిలువుగా లాగాలి, పక్కకి ఊపితే కాళ్ళు వంగుతాయి. కొత్తది గుచ్చి, స్విచ్చి వేసి, లోపల ఎర్రటి వెలుగు నిలకడగా నిలిచేదాకా ఆగాలి. ఆ తర్వాత ప్రతిసారీ అవే నాలుగు స్వరాలు, అంతే గట్టిగా మీటాలి. గట్టిగా మీటితే మంచి వాల్వు అనిపిస్తుంది, అది చెవి చేసే మోసం.

మొదటిది గట్టిగా పలికింది, గీరింది. రెండోదీ అంతే. మూడోది పిల్లి అరుపులా కూసి, ఏదో కాలిన వాసన కొట్టింది, దాన్ని వెంటనే తీసేశాను. నాలుగోది పెట్టినప్పుడు చౌకీదారు ముఖం చిట్లించాడు.

"ఇది ఇప్పపూలు ఎండబోసిన రేకు మీద వడగళ్లు పడ్డట్టుంది సారూ."

"ఇదీ ఎనభై మూడే అయ్యుంటుంది."

"ఎంతైనా గానీ. తీసెయ్."

ఐదోది గుచ్చాను. స్వరం ముందువాటి కంటే తగ్గి వచ్చింది. చెయ్యి అలవాటుగా వాల్యూమ్ మరను తిప్పింది. సన్న తీగ మీటాను. గీర లేదు. స్వరం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో రెండూ వినిపించాయి. మధ్యలో ఒక బరువు ఉంది, గొంతులో కొంచెం జీర ఉన్న మనిషి తాపీగా మాట్లాడినట్టు. లావు తీగలు మీటితే వేదిక చెక్క అదురు అరికాళ్ళకి తెలిసింది. నేను పాట ఎత్తుకున్నాను. ఎప్పుడు ఎత్తుకున్నానో తెలియదు. చౌకీదారు లేచి ఢోలకు తెచ్చుకున్నాడు. కోడి సంగతి ఇద్దరం మరిచిపోయాం.

ఆపాక అతను అడిగాడు. "ఇదేనా ఎనభై మూడంటే?"

నేను స్విచ్చి ఆపాను. అది ఎనభై మూడు కాదు. అంత తక్కువగా పెంచేది ఎనభై మూడు కానే కాదు. అది కొట్టువాడు వదిలించుకున్న రెండింట్లో ఒకటి. నేను మూలన పెట్టి పనికిరావన్నది. పెట్టి చూడమని ఆ ఫోర్‌మన్ అంటే చెప్పుల సామెత అల్లి పదిమందిలో నవ్వించింది. గాజు మీద నంబరు ఉండి ఉంటే నేను దాన్ని చచ్చినా సాకెట్టులో పెట్టేవాణ్ణి కాదు. పెట్టెకి కావలసింది ఎక్కువ బలం కాదు, తక్కువ బలం. ఆ ముక్క నాకు తెలియడానికి వాళ్ళు కిరసనాయిలుతో నా నంబర్లు చెరపవలసి వచ్చింది.

ఈ విషయం నేను అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఒక మాట స్పష్టంగా ఉండాలి. నా తప్పు బయటపడినంత మాత్రాన వాళ్ళ తప్పు ఒప్పు కాదు. దొంగ పడ్డ ఇంట్లో పోయిన ఉంగరం మంచం కింద దొరికితే దొంగకి దండ వేస్తామా.

ఆదివారం రిహార్సలులో పెట్టె పలికిన తీరుకి హార్మోనియం ఆయన వాయించడం ఆపి నా వైపు తిరిగాడు. పాడే అమ్మాయి రెండో చరణం ఎత్తుకోవడం మరిచిపోయింది. సెక్రటరీ లేచి నిలబడ్డాడు. అప్పుడు వెనక నుంచి ఫోర్‌మన్ గొంతు.

"చూశారా మరి. పూజలో పెట్టిన వాల్వు. ఊరికే పోద్దా."

అందరూ తలూపారు. తబలా ఆయన కూడా.

"కుర్చీ నీదే" అన్నాడు సెక్రటరీ. అతని చేతిలో ఫిర్యాదుల పుస్తకం ఉంది. నాలుగు వరసల మీద అడ్డంగా ఒక గీత, పక్కన నా సంతకం, అంతే చాలునన్నాడు. "శికాయత్ వాపస్ లీజియే." ఫిర్యాదు వెనక్కి తీసుకోమని. పెట్టె బాగుపడింది కదా, ఇక ఫిర్యాదు దేనికి. పైగా అది పూజకి వ్యతిరేకంగా రాసిందని వర్క్‌షాపులో అనుకుంటున్నారు. మేనేజరు దాకా పోతే బాగుండదు.

"అందులో పూజ మాట లేదు. చదవండి" అన్నాను.

"నేను చదివాను. వాళ్ళు చదవలేదు."

"చదవనివాళ్ళ కోసం నేనెందుకు కొట్టేయాలి?"

ఫోర్‌మన్ ముందుకొచ్చాడు. "ఏవయ్యా, మా వల్ల నీ పెట్టె బాగుపడిందా లేదా? ఒక్క మాట చెప్పు."

అక్కడ నేను ఇరుక్కున్నాను. నిజం చెబితే అవునని చెప్పాలి. అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు.

"మీరు చేసింది తప్పు. ఆ ముక్క మీరు నా వరసల కింద రాయండి. అప్పుడు నేను పైవి కొట్టేస్తాను."

"నేనా? రాయడమా? నీకా?" అతను అందరి వైపు చూశాడు. "రైల్వే వాడికి."

పెన్ను మూత పెట్టి సెక్రటరీ చేతికి ఇచ్చేశాను. గీత కొట్టలేదు.

మంగళవారం జగదల్‌పూర్‌కి కబురు వెళ్ళింది. బుధవారం నేను క్లబ్బుకి వెళ్ళి, చౌకీదారు చూస్తుండగా పెట్టెలోంచి నా వాల్వు తీసుకుని, క్లబ్బు పాత వాల్వు తిరిగి గుచ్చాను. ఎవరి సొత్తు వారిది. ఆ గీర విని జనరల్ మేనేజరు భార్య మళ్ళీ తల పట్టుకోవాలని, సోఫాలన్నీ ఫోర్‌మన్ వైపు తిరగాలని నేను కోరుకోలేదని చెప్పను.

వార్షికోత్సవం సాయంత్రం వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. నాలుగో కుర్చీలో ఒకడు, సిల్కు చొక్కా, నూనె రాసిన క్రాపు. పక్కన అతని ట్రాన్సిస్టరు పెట్టె. మా వాల్వు పెట్టెని వేదిక మీదికి ఎక్కించనే లేదు. అది మెట్ల కింద ఉంది, దాని మీద పూల బుట్టలు పెట్టారు. నేను మార్చిన వాల్వు ఎవరి చెవికీ చేరలేదు. అతని గిటారు టీ గ్లాసులో చెంచా తిప్పినట్టు పలికింది. లావు లేదు, లోతు లేదు, ఏ స్వరమూ కాసేపు నిలవలేదు. పాట అయ్యాక హాలంతా చప్పట్లు కొట్టింది. మేనేజరు భార్య కూడా. హాయిగా ఉన్నట్టే ఉంది. ఆ హాల్లో నాలుగు వందలమంది ఉంటారు. తేడా ఒక్కడికీ తెలియలేదు. ఇంతమంది కోసమా నేను ఊక డబ్బా ఒళ్ళో పెట్టుకుని రోజంతా ప్రయాణం చేసింది అనుకున్నాను.

కుర్చీలు మడుస్తుండగా చౌకీదారు నా దగ్గరికొచ్చాడు. కంపెనీ ఇచ్చిన చొక్కా చెమటకి తడిసి ఉంది.

"ఏం సారూ, గోడకాడ నిలబడ్డవ్."

"ఎలా ఉంది పాట?"

"ఏం పాట. ఒట్టి డబ్బా. నేను ఒకటి కొడితే వాడు ఒకటి కొట్టె." ఢోలకు కింద పెట్టి, దాని తాడు సర్దుకున్నాడు. "పుస్తకంల ఒక్క గీత గీస్తే నీకేం పోతుండె సారూ?"

"గీస్తే వాడు గెలిచినట్టు."

"గెల్వనియ్. ఆడు గెలిస్తే మనకేంది. ఆ దినం లెక్క పాట వస్తుండె. నేను గూడ కొడుతుంటి." తల ఎత్తి నా వైపు సూటిగా చూశాడు. "నీ పంతానికి నా పాట గూడ పాయె."

టీ పోస్తున్నారు, తాగి పొమ్మన్నాడు. నేను తాగలేదు. క్వార్టరుకి నడిచి వచ్చేశాను. ఆ ఊళ్ళో నాకు తగిలిన మాటలు చాలానే ఉన్నాయి, ఎవరు ఎప్పుడు ఎక్కడ అన్నారో వరసగా చెప్పగలను. ఫోర్‌మన్‌వి అన్నీ కలిపినా చౌకీదారు అన్న ఆ ఒక్క మాటంత ఉండవు. అతనితో నేను మళ్ళీ మాట్లాడలేదు. అతను రెండుసార్లు స్టేషనుకి వచ్చి నా కోసం అడిగాడని పాయింట్స్‌మన్ చెప్పాడు. రెండుసార్లూ నేను లోపలే ఉన్నాను.